అక్కకు కనపడని సాయంత్రాలు

నరసరావుపేటలో మా బడి నుంచి నేను ఇంటికి నడిచివచ్చే దారిలో, బస్టాండు దాటిన తరువాత, సాయంత్రం ఐదు గంటలకల్లా ఒక తోపుడుబండి వచ్చి ఆగుతుంది. ఇనుప చువ్వలకు గుచ్చిన మేక కార్జం ముక్కలు బొగ్గుల మీద చిటపటలాడుతుంటే, పసుపూ మిరియాలూ మాడిన ఆ వాసన రోడ్డుకు అడ్డంగా పరుచుకుంటుంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అవతలి వైపుకు మారిపోతాను. నాతో నడిచే టీచర్లు నాకు మాంసం పడదనుకుంటారు. నేనూ అది కాదని చెప్పలేదు. ఆ వాసన తగిలితే చాలు, మాచర్లలో మా పెరట్లో కుంపటి ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళైనా తాగకుండా కార్జం ముక్కలు నమిలి మింగుతున్న పన్నెండేళ్ళ మా జానక్క కనిపిస్తుంది. నేను హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఏటా కన్ను పాఠం వస్తుంది. బోర్డు మీద నేత్రపటలం బొమ్మ గీసి, దానిలో దండ కణాలనూ శంకు కణాలనూ వరసగా గీసేటప్పుడు నా చెయ్యి కాస్త నెమ్మదిస్తుందని పిల్లలు ఎప్పుడైనా గమనించారో లేదో నాకు తెలియదు.

మా నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. వీధి వైపు గదంతా పనికే, వెనక రెండు గదులు మాకు, వాటి వెనక పెరడు, పైన నాపరాళ్ళు పరిచిన మేడ. దూదేకే విల్లును నాయన దూలానికి వేలాడదీసి, కొయ్య సుత్తితో దాని నారి మీద కొడుతుంటే టంయ్ టంయ్‌మని వచ్చే ఆ శబ్దం మాకు గోడగడియారంలాంటిది. అది ఆగితే అన్నం వేళయిందని అర్థం. మా ఇంట్లో దూది వాలని చోటు ఉండేది కాదు. మంచినీళ్ళ కుండ మూత మీద, తెరిచిపెట్టిన పుస్తకంలో, నాయనమ్మ కనుబొమల మీద, ఉడికే పప్పులో కూడా నూగులా వాలేది. చలికాలంలో పల్లెల నుంచి కొత్త పత్తి దిగితే ఇల్లంతా గింజ వాసన, ఎండ వాసన కలిసి ఒకలాంటి కమ్మటి వాసన వేసేది. ఎండాకాలంలో రెంటచింతల నుంచి పని మీద వచ్చినవాళ్ళు మా ఊరు చల్లగా ఉందనేవారంటే, ఆ వైపు ఎండలెలా ఉంటాయో ఊహించుకోవచ్చు. పొద్దు వాలాక మేడ మీద బిందెలతో నీళ్ళు చల్లితే రాళ్ళు సుయ్‌మని పొగలు కక్కేవి. ఆ తడి ఆరాక చాపలు పరుచుకుని అందరం వెల్లకిలా పడుకునేవాళ్ళం.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్దది. పగటిపూట మా ఇంట్లో దానంత చురుకైన కళ్ళు ఎవరికీ లేవు. నాయనకు సూదిలో దారం ఎక్కించేది అదే. ఏకిన దూదిలో నలిగిపోయిన గింజ ముక్కను గోటితో మీటి తీసేది అదే. ఏ రంగు గుడ్డకు ఏ రంగు దారం నప్పుతుందో పెద్దవాళ్ళు కూడా దాన్నే అడిగేవారు. అదే పొద్దుగూకేసరికి మరో మనిషయ్యేది. వీధిలో పిల్లలు దాగుడుమూతలు మొదలుపెడితే, ఎప్పుడూ తాను అరుగు మీద కూర్చుని దొంగ కళ్ళు మూసే పనే తీసుకునేది. పరుగెత్తేది కాదు, దాక్కునేది కాదు. గడపకు బొటనవేలు కొట్టుకునేది, మంచాల కోళ్ళకు మోకాళ్ళు కొట్టుకునేది, ఎదురుగా చాచిన చేతిలోని గ్లాసు అందుకోవడానికి రెండుసార్లు తడిమేది. నాయనమ్మ విసుక్కునేది.

"మొద్దు నడక, మొద్దు చెయ్యి. రేపు అత్తగారింట్లో ఏం చేస్తావే?"

అక్క నవ్వి ఊరుకునేది. అందరం దాన్ని అజాగ్రత్త మనిషి అనుకున్నాం. అది కూడా తన గురించి అదే అనుకుంది.

మేడ మీద పడుకున్నప్పుడు నేను ఒక ఆట కనిపెట్టాను. ఆకాశంలో చిన్న మసక చుక్కను నేరుగా చూస్తే అది మాయమయ్యేది, చూపు కొంచెం పక్కకు తిప్పితే మళ్ళీ వచ్చేది. ఇది నాకొక్కదానికే తెలిసిన మంత్రం అనుకుని గర్వపడేదాన్ని. చాలా ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు, మసక వెలుతురును పట్టే దండ కణాలు చూపుకు నట్టనడుమ ఉండవని, చుట్టూ పక్కల ఉంటాయని, అందుకే పక్కచూపుకే సన్నటి చుక్క దొరుకుతుందని. అక్కకు ఆ ఆట చెబితే ఆకాశం వైపే చూస్తూ కాసేపు పడుకుని, "నిద్రొస్తాంది సైదా, పడుకో" అంది.

రంజాన్ నెల మొదలయ్యే ముందురోజు సాయంత్రం మా వీధిలో మేడలన్నీ మనుషులతో నిండిపోయేవి. పడమటి వైపు ఎర్రటి చార ఆరిపోతూ ఉండేది. ఆడవాళ్ళు తలమీద కొంగు సర్దుకుంటూ, పిల్లల్ని చంకనెత్తుకుంటూ, నెలవంక కోసం వెతికేవారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ గీతను మా మేడ మీద మొదట చూసింది నేనే. గోరు కత్తిరించి పారేసినంత సన్నగా, మసీదు మినారుకు కుడివైపున ఉంది. ఒక్కొక్కరే చూశాం అంటున్నారు, చేతులెత్తి దువా చేసుకుంటున్నారు. అక్క కూడా చేతులెత్తింది.

"కనపడిందా జానూ?" అని అమ్మ అడిగింది.

"ఆఁ, కనపడిందమ్మా. సన్నగా భలే ఉంది" అంది అక్క.

అది చూస్తున్నది మినారుకు ఎడమ వైపున, ఖాళీ ఆకాశంలోకి.

అందరూ దిగిపోయాక దాని జాకెట్టు పట్టుకుని ఆపాను. "నువ్వు చూళ్ళేదుగదక్కా" అన్నాను. అది నా ముఖం ఎక్కడుందో చేత్తో తడిమి, ఆ చెయ్యి అక్కడే ఉంచి అడిగింది. "నీకు నిజంగా కనపడిద్దా? అందరికీ కనపడిద్దా?" కనపడుతుందన్నాను. "చుక్కలు కూడానా?" చుక్కలు కూడా కనపడతాయన్నాను. "నేనింకా, చీకటంటే అందరికీ ఇట్టానే ఉంటదనుకున్నా. మీరంతా అలవాటు కొద్దీ నడుస్తన్నారనుకున్నా" అంది. ఆ మాట అన్న గొంతును నేనిప్పటికీ మరిచిపోలేదు. అందులో ఏడుపు లేదు. ఒక తప్పుడు లెక్కను సరిచూసుకుంటున్నట్టు ఉంది. చివరికి "అమ్మకు చెప్పమాక" అంది. నేను ఒట్టు వేశాను.

ఆ రోజు నుంచి పొద్దుగూకాక నేను దాని ముందు నడిచేదాన్ని. నా కాళ్ళకు మువ్వల పట్టీలు ఉండేవి. ఆ చప్పుడు వెంబడి అక్క వచ్చేది. మెట్లొస్తే రెండుసార్లు గట్టిగా కాలు ఆనించాలి, ఎవరైనా అడ్డం కూర్చుని ఉంటే ఆగి దగ్గాలి, ఇవి మా గుర్తులు. సుమారు ఏడాది పాటు మా ఇంట్లో ఎవరూ పసిగట్టలేదు. అక్క జాగ్రత్త నేర్చుకుందని నాయనమ్మ మెచ్చుకుంది కూడా. ఎనిమిది తొమ్మిదేళ్ళ దాన్ని, నాకు అది గొప్పగా ఉండేది. అంత పెద్ద అక్క నా కాలి మువ్వల మీద ఆధారపడి ఉందన్న సంగతి ఒక నగలా ఉండేది నాకు.

మరుసటి ఏడు రంజాన్‌లో ఒకరోజు మధ్యాహ్నం మా ఇద్దరికీ గాజుల దగ్గర తగవు వచ్చింది. కొత్తగా కొన్న పచ్చగాజులు ఒక్క పూట పెట్టుకుంటానంటే, పగలగొడతావని అక్క ఇవ్వలేదు. సాయంత్రం అందరం వెనక గదిలో చాప మీద చేరాం. ఆ ఏడు మా వీధిలో కరెంటు వేళాపాళా లేకుండా పోయేది. ఆ రోజూ లేదు. ఖర్జూరాలు, కోసిన దోసకాయ, నానబెట్టిన పెసరపప్పు ముందు పెట్టుకుని ఒక్కపొద్దు విడవడానికి మసీదు సైరన్ కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాం. నాయనమ్మ కాళ్ళు నొప్పులని గడప పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. కైమా, పెసరపప్పు వేసి కాచిన గంజి తపేలా పొయ్యి మీద నుంచి తేవాలి. "జానూ, పట్రామ్మా" అని అమ్మ కేక వేసింది. పెరట్లో నుంచి అక్క నన్ను పిలిచింది. "సైదా, ఒకసారి రావే."

నాకు వినపడింది. లేవలేదు. పట్టీలు చప్పుడు చెయ్యకుండా రెండు కాళ్ళూ చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అక్క మళ్ళీ పిలవలేదు. తపేలాను గుడ్డతో పట్టుకుని, దాని లెక్క ప్రకారం అడుగులు వేసుకుంటూ వచ్చింది. గడప దాటింది. నాయనమ్మ కాళ్ళు తగిలి ముందుకు తూలింది. కుతకుతలాడే గంజి సగం నాయనమ్మ పాదాల మీద పడింది, సగం అక్క ముంజేతి మీద. నాయనమ్మ అరుపు, సైరన్ ఒకేసారి వినిపించాయి.

మా మీద ఎన్నడూ చెయ్యెత్తని నాయన ఆ రోజు అక్కను కొట్టాడు. "కళ్ళు నెత్తికెక్కినయ్యా నీకు?" అన్నాడు. అక్క కాలిన చెయ్యి పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. కనపడలేదని ఒక్క మాట అనలేదు. నా వైపు చూడలేదు, చూసినా ఆ మసకలో నేనెక్కడున్నానో దానికి తెలిసేది కాదు. నాయన రెండోసారి చెయ్యెత్తేసరికి నాకు మాట వచ్చింది.

"అక్కకి పొద్దుగూకితే కనపడదు నాయనా."

నాయన చెయ్యి అలాగే ఆగిపోయింది. అమ్మ నాయనమ్మ పాదాల మీద నీళ్ళు పోస్తున్నదల్లా తలెత్తి చూసింది. నేను చెప్పిందే మళ్ళీ చెప్పాను. పట్టీల సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ నేను ఇన్నాళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నాయనమ్మ పాదాలు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ తరువాత కర్ర లేకుండా నడవలేకపోయింది. ఆమెకు కోపం వస్తుందని నేను వణికిపోయాను గానీ, కట్లు కట్టిన కాళ్ళతోనే అక్కను దగ్గర కూర్చోబెట్టుకుని, దాని రెప్పలు పైకెత్తి చూసి, "రేచీకటే. దీనికి కార్జం తినిపిస్తే పోద్ది. ఆడపిల్ల కళ్ళ సంగతి ఈది దాటనీబాకండి" అంది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం కుంపటి మీద తన చేత్తోనే మేక కార్జం కాల్చేది. పైన మునగాకు కూర, ఆరునెలలకోసారి నర్సమ్మ చెంచాతో పోసే నారింజరంగు మందు. వెగటు పుట్టి అక్క కక్కుకుంటే వీపు నిమిరి మళ్ళీ పెట్టేది. ఏడాదిన్నర తిన్నది అక్క. ప్రతి శుక్రవారం రాత్రి నాయనమ్మ చెయ్యి ముందుకు చాచి, "వేళ్ళెన్నో చెప్పు" అనేది. అక్క ఏదో ఒక అంకె చెప్పేది. సరిపోయిన రోజు ముసలామె ముఖం వెలిగిపోయేది. పాపం, దండ కణాల్లో వెలుతురును పట్టే ఎర్రటి పదార్థం తయారు కావడానికి కార్జంలో ఉండే విటమిన్ ఎ కావాలన్నది నిజమే. తిండి లేక వచ్చిన రేచీకటి దానితో నిజంగానే పోతుంది. ఆమె వైద్యం తప్పు కాదు. అక్క జబ్బు అది కాదు, అంతే.

చివరికి నాయన అక్కను గుంటూరు తీసుకెళ్ళాడు. నేను తోడు వెళ్ళాను. డాక్టరు గారు అక్క కళ్ళలో చుక్కలు వేసి, చీకటి గదిలో చాలాసేపు చూసి, బయటికి వచ్చి అడిగిన మొదటి మాట, "మీ ఆవిడ మీకు బంధువా?" అని.

"మా మేనమామ కూతురేనండి" అన్నాడు నాయన.

ఆయన అనుభవం ఉన్న మనిషి, తొందరపడలేదు. కంటి వెనక ఉన్న పొరలో వెలుతురును పట్టే కణాలుంటాయని, వాటిలో చీకట్లో పనిచేసేవి ఒక రకమని, పగలు చూపునూ రంగులనూ ఇచ్చేవి ఇంకో రకమని, ఈ అమ్మాయికి మొదటి రకం పుట్టుకతో వచ్చిన లోపం వల్ల ఒక్కొక్కటే చనిపోతున్నాయని చెప్పారు. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం, బిడ్డలో కలిసిందన్నారు. తిండితో రాలేదు, తిండితో పోదు. రెండో రకం కణాలకు లోపం లేకపోయినా, మొదటివి పోయాక అవి కూడా మెల్లగా నశిస్తాయి. ముందు రాత్రి పోతుంది, తరువాత పక్కచూపు పోతుంది, నడుమ చూపు చాలా ఏళ్ళు నిలవొచ్చు, నిలవకపోనూ వచ్చు.

"నా కళ్ళు పెట్టండయ్యా దానికి" అన్నాడు నాయన.

"కంటి ముందు పొర మార్చగలం గానీ, వెనక పొర మార్చే దారి లేదు" అన్నారాయన.

తిరుగు బస్సు పిడుగురాళ్ళ దాటేసరికి పొద్దు వాలింది. నాయన అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మిరప చేలు, వాటి అవతల తెల్లటి రాతి గనులు, ఒక్కొక్కటే మసకలో కలిసిపోతున్నాయి. నాయన ప్రతిదీ వేలు పెట్టి చూపిస్తూ, "అది కనపడతాందా? ఇప్పుడు?" అని అడుగుతూ వచ్చాడు. అక్క అన్నిటికీ కనపడుతోందనే చెప్పింది. బయట పూర్తిగా చీకటయ్యాక కూడా ఆయన అడగడం మానలేదు, అది చెప్పడమూ మానలేదు.

అక్కకు పదిహేడేళ్ళు వచ్చాక గురజాలలో ఉన్న మా మేనత్త తన కొడుక్కు దాన్ని చేసుకుంటానంది. నాయనమ్మకు అక్క పుట్టినప్పటి నుంచీ ఉన్న కోరిక అది. కళ్ళ సంగతి తెలిసి కూడా చేసుకుంటామన్నారు, మంచివాళ్ళే. అక్కకు కూడా అతడంటే ఇష్టమని నాకు తెలుసు. అతడు వచ్చిన రోజు అది ఎంబ్రాయిడరీ చేసే దిండు గలీబుకు ఎర్రదారమే ఎక్కించేది. నాయన ఒప్పుకోలేదు. "మళ్ళీ మన రక్తంలోనే ఇచ్చి, ఇంకో బిడ్డకి ఈ చీకటి తెచ్చిపెట్టలేనమ్మా" అన్నాడు.

"మా అన్న కూతుర్ని నేను తెచ్చుకోలా? ఏమైందిరా మీకు?" అంది నాయనమ్మ. అన్నాక అక్క వైపు చూసి నోరు మూసుకుంది.

ఆ వారమే ఆమె తన ట్రంకుపెట్టె తీసుకుని గురజాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. రెండేళ్ళకు అక్కడే పోయింది. ఆ అబ్బాయికి వినుకొండ సంబంధం కుదిరింది. బయటి సంబంధాలు అక్క కోసం రెండు మూడు వచ్చాయి గానీ, కళ్ళ సంగతి వినగానే మళ్ళీ రాలేదు. ఆ తరువాత నాయన ఆ మాటే ఎత్తలేదు. ఆయన చేసింది సరైనదేనని చదువుకున్నదాన్ని గనుక చెప్పగలను. అక్క ఆ సాయంత్రం పెరట్లో గోడ వైపు తిరిగి ఎంతసేపు కూర్చుందో చూసినదాన్ని గనుక, గట్టిగా చెప్పలేను.

నేను డిగ్రీలో జీవశాస్త్రం తీసుకున్నది దాని కోసమే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చదివినదంతా చెప్పేదాన్ని. అప్పటికి దానికి గొట్టంలోంచి చూసినంత మేరే చూపు మిగిలింది. వెలుతురు పడితే కంటి కణం లేచి కబురు పంపుతుందని అందరం అనుకుంటాం, జరిగేది దానికి ఎదురు అన్నాను. చీకట్లో ఆ కణాలు ఆగకుండా కబురు పంపుతూనే ఉంటాయి. వెలుతురు వచ్చి పడగానే లోపల వంగి ఉన్న ఒక చిన్న అణువు నిటారవుతుంది, ఆ కణం ఒక్క క్షణం మాట ఆపుతుంది. ఆ ఆపడాన్నే మెదడు వెలుగు అనుకుంటుంది. అవి ప్రతి ఉదయం తమ అరిగిన కొసను రాల్చుకుని, కింద నుంచి కొత్తది పెంచుకుంటాయని కూడా చెప్పాను. అక్క శ్రద్ధగా విన్నది.

"నావి రాలటమే గానీ పెరగట్లేదన్నమాట" అంది. మళ్ళీ, "ఇది నాయనకు చెప్పమాక" అంది.

నాయన పోయి పన్నెండేళ్ళు దాటింది. అమ్మ, నా తరువాత పుట్టిన మా తమ్ముడి దగ్గర సత్తెనపల్లిలో ఉంటోంది. మాచర్ల ఇంట్లో అక్క, సాయానికి వచ్చే పక్కింటి హుస్సేనమ్మ పిన్ని, అంతే. విల్లు తీసేసి యంత్రం పెట్టారు, ఆ తరువాత జనం ఫోమ్ పరుపులకు అలవాటుపడితే యంత్రమూ పోయింది. వీధి గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. దూదేకే చప్పుడు ఊళ్ళో ఎక్కడా వినపడదు. దాని శబ్దం ఎలా ఉండేదో నా కూతురికి నోటితో చేసి చూపిస్తే నవ్వింది. మేడ మీద ఎవరూ పడుకోరు. అక్క చూపు ఏ రోజున పూర్తిగా పోయిందో కూడా మాలో ఎవరికీ తెలియదు. చనిపోయినవాళ్ళకు తేదీ ఉంటుంది, దీనికి అదీ లేదు. కిటికీ ఎటుందో, తలుపు తీసి ఉందో వేసి ఉందో వెలుతురును బట్టి తెలుస్తుందని మాత్రం చెబుతుండేది. ఫోన్ చేసినప్పుడల్లా నేను అదే అడిగేదాన్ని, అది అదే చెప్పేది.

పోయిన మే నెలలో వెళ్ళాను. అన్నాలు తిన్నాక అక్క వెనక గదిలో, నాపరాళ్ళ మీదనే తలకింద దిండు పెట్టుకుని కునుకు తీసింది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు గంటల ఎండ గది నడిమి దాకా వచ్చి, దాని ముఖం మీద, కాలిన మచ్చ ఉన్న ముంజేతి మీద పడుతోంది. దిండు పక్కకు జరపాలా వద్దా అని నేను చూస్తుండగానే దానికి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచింది. తిన్నగా ఎండలోకే తెరిచింది, రెప్ప కూడా కొట్టుకోలేదు.

"పొద్దుగూకినట్టుందే సైదా. లైటెయ్యి" అంది.

లేచి స్విచ్చి వేశాను. టప్‌మన్న శబ్దం విని అది తల ఊపింది. లేవబోతూ నేల మీద చెయ్యి ఆనించింది. ఎండకు కాగిన రాయి అరచేతికి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ వేడి ఎంత దూరం పరుచుకుని ఉందో వేళ్ళతో మెల్లగా తడిమి చూసుకుంది.

"పగలేనా?" అంది.

"పగలే" అన్నాను.

"చానా రోజులైంది ఇట్టా. నువ్వు బెంగపడతావని చెప్పలా" అంది.

నేను మళ్ళీ లేచి లైటు ఆపేశాను.